సిప్రో మాత్రకూ మన గోదావరికీ సంబంధం ఏమిటి?



సిప్రో మాత్ర పేరు వినని ఇల్లు మన కమలాపూర్‌లో గానీ, అటు సిరోంచలో గానీ ఉండదు. టైఫాయిడ్‌కు, మూత్రంలో మంటకు, విరేచనాలకు ఇస్తారు. అది తయారయ్యే చోట నీళ్లకు ఏమైందో, దాన్ని ఒక శాస్త్రవేత్త ఎలా లెక్క తేల్చాడో ఈసారి చూద్దాం.

ముందు కొంచెం వెనక్కి పోదాం. 1960లలో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ బాలానగర్‌లో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారం పెట్టింది. అక్కడ పని నేర్చిన చాలామంది తర్వాత సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1970 పేటెంట్ చట్టంతో విదేశీ మందును వేరే పద్ధతిలో మనవాళ్లే చేసుకునే వీలు కలిగింది. ధరలు దిగాయి, పేదవాడికి మందు అందింది. ఆ మేలు మరచిపోకూడదు.

కానీ పటాన్‌చెరు, బొల్లారం వైపు ఫ్యాక్టరీల మురుగు వాగుల్లో పడింది. పొలాలు, బావులు పాడయ్యాయి. అక్కడే వైద్యం చేసిన డాక్టర్ అల్లాని కిషన్ రావు ఏళ్ల తరబడి కొట్లాడారు. ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి ఒక శుద్ధి ప్లాంటు వచ్చింది. ఇక నీళ్లు బాగుపడ్డట్టే అనుకున్నారు.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోఆకిమ్ లార్సన్ బృందం, శుద్ధి అయి బయటికొచ్చిన ఆ నీటినే పరీక్షించి 2007లో ఫలితం ప్రకటించింది. సుమారు 90 ఫ్యాక్టరీల మురుగు అది. లీటరుకు 28 నుంచి 31 మిల్లీగ్రాముల సిప్రో దొరికింది. 500 మిల్లీగ్రాముల మాత్ర మింగిన రోగి రక్తంలోనే లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు ఉంటుంది. రోగి ఒంట్లో కన్నా కాలువలో పదింతలు!

రైల్వేలో సరుకు బరువులు రాసిన చేతులు మావి, ఊరుకోలేక లెక్క కట్టాం. రోజుకు సుమారు 15 లక్షల లీటర్లు, లీటరుకు 30 మిల్లీగ్రాములు, మొత్తం 45 కిలోలు. అంటే రోజుకు 90 వేల మాత్రలు వాగుపాలు.

దీనివల్ల ఎవరూ అక్కడికక్కడే పడి చావరు. అందుకే ఇన్నాళ్లు కంటికి ఆనలేదు. మందు కలిసిన నీటిలో బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకున్నవి పెరుగుతాయి. ఆ తట్టుకునే గుణాన్ని పక్క క్రిములకూ పంచుతాయి. 2009లో ఆ చుట్టుపక్కల చెరువుల్లో, ఊరి బావుల్లో మందుల జాడ తేలింది. 2011లో వాగు అడుగు మట్టిలో మందుకు లొంగని జన్యువులు పెద్ద ఎత్తున దొరికాయి.

మేము చదువుకున్న తమిళనాడులో, పాలారు దగ్గర తోళ్ల ఫ్యాక్టరీల కేసులో సుప్రీంకోర్టు 1996లో ఒక మాట తేల్చింది: పాడు చేసినవాడే ఖర్చు భరించాలి. మంచి మాటే. కానీ ఎంత దాటితే పాడు చేసినట్టు? దానికి ఒక అంకె కావాలి. మందుల ఫ్యాక్టరీ మురుగులో యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో 2020 జనవరి ముసాయిదాలో కేంద్రం రాసింది. 2021 ఆగస్టులో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ అంకెలు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఈ విషయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది.

ఇక మన సంగతి. ఆ వాగుల నీళ్లు మంజీరలోకి, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలోకి, గోదావరి మన సిరోంచకు. ఆ మందే మన గడపకు వస్తోందని భయపెట్టడం లేదు. దారిలో నిజాంసాగర్, శ్రీరాంసాగర్ ఉన్నాయి. ఆ ప్లాంటు నీటిని కూడా తర్వాత గొట్టాల్లో అంబర్‌పేట వైపు, మూసీకి మళ్లించారు. అయితే లొంగని క్రిమికి నదితో పని లేదు. మనిషితో పాటు బస్సెక్కి వస్తుంది.

కాబట్టి రెండు పనులు చేద్దాం. డాక్టరు రాయనిదే సిప్రో కొనొద్దు. రాస్తే, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు. రెండోది, ఆ అంకెలు మళ్లీ నిబంధనల్లోకి రావాలని మన సంఘం తరఫున ఎంపీ గారికి ఒక అర్జీ పెడదాం. సంతకాలకు సిద్ధంగా ఉన్నవాళ్లు చెప్పండి.