చీపురు కర్రతో కవాతు

ఇంట్లో పిల్లవాడు కర్రముక్క భుజాన పెట్టుకుని ‘ఠాం! ఠాం!’ అంటూ గదులన్నీ తిరుగుతుంటే మనం వంట చేసుకుంటూ నవ్వుకుంటాం. ‘ఒరేయ్, ఎవరి కంట్లోనైనా పొడుస్తావురా’ అని కసురుకుంటాం కూడా. కాని తలలు నెరిసిన పెద్దమనుషులు, బ్యాంకు గుమస్తాలు, బడిపంతుళ్లు సరిగ్గా ఇదే పని చేసిన రోజులున్నాయంటే నమ్ముతారా? ఇంగ్లండులో 1940లో జరిగిన ముచ్చట ఇది.

ఆ ఏడాది మే నెలలో జర్మనీ సేనలు ఫ్రాన్సులోకి చొచ్చుకొచ్చాయి. ఇక తమ వంతే అనుకున్నారు ఇంగ్లండు వాళ్లు. మే 14న యుద్ధమంత్రి ఆంథొనీ ఈడెన్ రేడియోలో మాట్లాడుతూ, పదిహేడు నుంచి అరవై అయిదేళ్ల వరకు వయసున్న మగవాళ్లు ఊరి కాపలాకు రావాలని కోరాడు. కొద్ది రోజుల్లోనే రెండున్నర లక్షలమంది పేర్లిచ్చారు! జూలై ముగిసేలోగా ఆ సంఖ్య పది లక్షలు దాటింది. రేడియోలో చెప్పిన మాటకు ఎంత బలముందో చూడండి. ఈ దళానికే తరవాత హోంగార్డు అని పేరు వచ్చింది.

మనుషులైతే వచ్చారు, తుపాకులేవీ? డంకర్క్ రేవు నుంచి మూడు లక్షల ముప్ఫై ఎనిమిది వేలమంది సైనికుల్ని పడవల మీద తప్పించారు గాని, ఫిరంగులు, లారీలు, మందుగుండు అన్నీ అక్కడే వదిలేయాల్సి వచ్చింది. ఉన్న కాసిని రైఫిళ్లూ ముందు సైన్యానికే చాలాలి. అందుకని ఈ పెద్దమనుషులు చేతికర్రలూ, చీపురు కర్రలూ పట్టుకుని కవాతు చేశారు. వాళ్ల చీపురు మన చీపురులాంటిది కాదు, దానికి పొడుగాటి కర్ర ఉంటుంది.

ఇదేం కొత్త కాదు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు కూడా లక్షలాది కుర్రవాళ్లు కొయ్య తుపాకులతోనే పాఠం మొదలుపెట్టారు. కర్రతో ఏం వస్తుందంటారా? చాలానే వస్తుంది. వరసలో నిలబడడం, ఒక్క మాటకు అందరూ ఒకేసారి తిరగడం, భుజానికెత్తడం, పక్కవాడికి తగలకుండా దించడం, ఇవన్నీ చేతికి అలవాటు కావాలి. రాని వాడి చేతికి గుండు నింపిన తుపాకి ఇస్తే ముందు పోయేది పక్కవాడే గదా! అయితే తుపాకి పేలినప్పుడు భుజానికి తగిలే దెబ్బ, చెవులదిరే చప్పుడు, ఆ భయం, ఇవేవీ కర్ర నేర్పలేదు.

తరవాత అమెరికా నుంచి దాదాపు అయిదు లక్షల పాత రైఫిళ్లు వచ్చాయి. వాటి తూటాలు వేరు, బ్రిటిష్ తూటాలు వేరు. పొరపాటు పడకుండా వాటికి ఎర్రరంగు పట్టీ వేశారు, మనం డబ్బాల మీద గుర్తులు పెట్టుకున్నట్టు. అయినా అందరికీ చాలలేదు. 1941లో ప్రధాని చర్చిల్, ఈటె అయినా సరే ప్రతి మనిషి చేతిలో ఆయుధం ఉండాలన్నాడు. అధికారులు ఆ మాటను అక్షరాలా తీసుకుని, ఇనపగొట్టాలకు పాత బాయినెట్లు అతికించిన ఈటెలు రెండున్నర లక్షలు చేయించారు! హోంగార్డులకు తల కొట్టేసినట్టయింది. నేర్చుకునే రోజుల్లో చీపురు కర్ర పట్టారు సరే, నిజంగా శత్రువు వస్తే ఎదిరించడానికి ఈటె ఇవ్వడమా? వాటిలో చాలా మట్టుకు గిడ్డంగులు దాటనే లేదు.

మరి ఆడవాళ్ల మాటేమిటి? వాళ్లకు మొదట ఆ కర్ర కూడా దక్కలేదు. పార్లమెంటు సభ్యురాలు, డాక్టరు ఈడిత్ సమ్మర్‌స్కిల్ ఎంత పోట్లాడినా ప్రభుత్వం ఒప్పుకోలేదు. కొందరు స్త్రీలు తమంతట తామే దళాలు కట్టి గురి నేర్చుకున్నారు. చివరికి 1943లో చేర్చుకున్నారు, వంటకీ, కారు నడపడానికీ, టెలిఫోను దగ్గర కూర్చోవడానికీ! ఆయుధం లేదు, యూనిఫారం లేదు, ఒక్క బ్యాడ్జీ మాత్రం ఇచ్చారు. అదే 1943లో సింగపూరులో నేతాజీ పిలుపు మీద కెప్టెన్ లక్ష్మి నాయకత్వాన మన ఆడపిల్లలు ఝాన్సీరాణి దళంలో చేరి నిజం రైఫిళ్లే ఎత్తారు.

స్వతంత్రం వచ్చాక, 1948లో ఎన్.సి.సి. ఏర్పడింది. మరుసటి ఏడే ఆడపిల్లల విభాగం వచ్చింది. అక్కడ కవాతుకు ఇచ్చే డి.పి. రైఫిలు పేలదు, పేలకుండా చేసిన పాత తుపాకి అది. కాని బరువు మాత్రం నిజం తుపాకిదే, నాలుగు కిలోలు! దానితో చేయి తిరిగాక, చిన్న తూటాల పాయింట్ టూ టూ రైఫిలుతో గురి నేర్పుతారు.

కర్రతో మొదలుపెట్టడంలో చిన్నతనం లేదమ్మా. కర్ర దగ్గరే ఆపేస్తే, కర్రయినా ఇవ్వకపోతేనే మనసు కష్టపడుతుంది. రేపు మీ అబ్బాయి కర్ర భుజాన పెట్టుకుని తిరుగుతుంటే, వెనకాలే మీ అమ్మాయి కూడా ‘నాకూ ఒకటి’ అని వస్తే, ‘నీకెందుకే’ అనకండి.