కాలువ పడవ నుంచి వాట్సాప్ దాకా: తెలుగు గ్రంథపాలకుల విద్య

తెలుగునాట గ్రంథాలయ సేవ ఉద్యోగం కాకముందు ఉద్యమం. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన సభ దాన్ని ఒక సంఘంగా నిలబెట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటి కార్యకర్తలు పుస్తకాలకు కాపలా ఉండటం కంటే పాఠకుడిని వెతుక్కుంటూ వెళ్లడమే తమ పని అనుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో పడవ గ్రంథాలయం నడిపారు. కాలువ ప్రయాణానికి గంటలు పట్టే రోజులవి. చదవడానికి అంతకంటే తీరిక ఎక్కడ దొరుకుతుంది?

శాస్త్రీయ శిక్షణ ఉద్యమం మొదలైన తర్వాత వచ్చింది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ చొరవతో 1929లో మద్రాసులో తరగతులు మొదలయ్యాయి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు గ్రంథాలయ శాస్త్రంలో డిప్లొమా పెట్టింది. అక్కడి నుంచి పనితనమంతా సూచీ కార్డులో కనిపించేది. మూడంగుళాల ఎత్తు, ఐదంగుళాల వెడల్పు, అడుగున చిల్లు, అందులోంచి సొరుగు ఊచ. ఒకే పుస్తకానికి రచయిత పేరున ఒకటి, గ్రంథం పేరున ఒకటి, విషయం కింద మరొకటి. ఇంటిపేరుతో రాయాలా, అసలు పేరుతోనా అన్న పేచీ మాత్రం తెలుగు గ్రంథపాలకులను వదల్లేదు.

1991లో గ్రంథాలయాలను అనుసంధానించే సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ మొదలయ్యాక విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్లు ఊపందుకున్నాయి. దాని ‘సోల్’, న్యూజిలాండ్‌లో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ‘కోహా’ కార్డుల సొరుగులను మూయించాయి. యంత్రం నేర్చుకోవడం అంత కష్టమేమీ కాలేదు. చిక్కంతా లిపి దగ్గర వచ్చింది. 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు గాని, పేర్లను రోమన్ అక్షరాల్లో, తోచిన స్పెల్లింగుతో ఎక్కించారు. పుస్తకం ఉన్నా వెతికితే దొరికేది కాదు. తెలుగు వికీపీడియా కార్యకర్తలు పేర్లు, రచయితలు తెలుగు లిపిలో ఉండేలా జాబితాలు తయారుచేసి ఆ లోటును కొంత తీర్చారు. నిజానికది సూచీకరణ తెలిసినవాళ్లు మొదట్లోనే చేయాల్సిన పని.

2020 లాక్‌డౌన్‌లో పఠన మందిరాలు మూతపడ్డాక పాఠకుడితో మాట కలపడానికి వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్ అక్కరకొచ్చాయి. కొత్త పుస్తకాల అట్టలు, పోటీ పరీక్షల సమాచారం వాటిలోకి చేరాయి. వాటితోపాటే అనుమతి లేని పీడీఎఫ్‌ల బెడదా వచ్చింది. భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గ్రూపులో అడిగిన పాఠకుడికి ఏ పుస్తకం పూర్తిగా పంపవచ్చో, దేనికి అట్ట చూపి బీరువా నంబరు మాత్రమే చెప్పాలో తేల్చడం ఇప్పుడు గ్రంథపాలకుడి పనే.