షోకేసు బొమ్మలు

బట్టల దుకాణాల్లో దుస్తులు తొడిగి నిలబెట్టే నిలువెత్తు మనిషి బొమ్మలు. వ్యాపారులు వీటిని మానెక్విన్ అనీ, డమ్మీ అనీ కూడా పిలుస్తారు.

ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ సమాధిలో చేతులు లేని చెక్క బొమ్మ ఒకటి దొరికింది. రాజు దుస్తులో, నగలో సరిచూడటానికి దాన్ని వాడి ఉంటారని తవ్వకాలు జరిపిన హోవార్డ్ కార్టర్ భావించాడు. అంత పాత బొమ్మకూ నేటి అంగడి బొమ్మకూ చుట్టరికం కలపడం మాత్రం కష్టమే. అసలు కథ పారిస్‌ది. 18వ శతాబ్దంలో అక్కడి కొత్త ఫ్యాషన్లను చిన్న బొమ్మలకు తొడిగి ఇతర దేశాల రాజాస్థానాలకు పంపేవారు. ఆ తర్వాతి శతాబ్దంలో అలెక్సిస్ లవీన్ అనే దర్జీ కుట్టుపనికి పనికొచ్చే మొండెం బొమ్మలు తయారుచేశాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న స్టాక్‌మన్ 1867లో ఇదే వ్యాపారంగా సంస్థ పెట్టాడు.

దర్జీ గదిలోని మొండేన్ని వీధిలోకి తెచ్చింది అద్దం. పెద్ద పలకల గాజు, విద్యుద్దీపాలు, డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయి. దారినపోయేవాళ్లను ఆపాలంటే ఒట్టి మొండెం చాలదు, ముఖం కావాలి. షోకేసు అలంకరణ ఒక వృత్తిగా మారింది. 1897లో షికాగోలో ఆ వృత్తికోసమే పత్రిక పెట్టిన ఎల్. ఫ్రాంక్ బామ్, మూడేళ్ల తర్వాత ఓజ్ మాంత్రికుడి కథ రాసిన రచయితే.

తొలి బొమ్మలకు మైనపు తలలు, గాజు కళ్లు, నిజమైన వెంట్రుకలు ఉండేవి. పారిస్‌కు చెందిన పియర్ ఇమాన్స్ వీటిలో సిద్ధహస్తుడు. అయితే బరువు ఎక్కువ, పైగా ఎండకూ దీపాల వేడికీ మైనం మెత్తబడేది. 1925లో పారిస్‌లో జరిగిన అలంకరణ కళల ప్రదర్శన నాటికి మనిషిని అచ్చుగుద్దినట్టు చూపాలన్న పట్టుదలే సడలింది. సన్నగా సాగదీసిన శిల్పాల్లాంటి బొమ్మలు వచ్చాయి.

1930లలో న్యూయార్క్‌లో ఒక బొమ్మ ఏకంగా ప్రముఖురాలైంది. సబ్బు శిల్పాలకు పేరుపడ్డ లెస్టర్ గాబా చేసిన ప్లాస్టరు బొమ్మ సింథియా బరువు సుమారు 45 కిలోలు. ఆమెను ఆయన విందులకూ, నాటకాలకూ వెంటబెట్టుకుని వెళ్లేవాడు. పేరున్న నగల వర్తకులు ఆమెకు ఆభరణాలు పంపేవారు. 1937లో లైఫ్ పత్రిక ఆమె ఫోటోలు వేసింది. చివరికి ఒక బ్యూటీ పార్లర్‌లో కుర్చీ మీంచి జారిపడి ముక్కలైంది. ప్రచారం కోసం చేసిన తతంగమే అయినా, బొమ్మకు పేరూ వ్యక్తిత్వమూ ఉంటే సరుకు అమ్ముడుపోతుందని వర్తకులకు తెలిసొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తేలికైన ఫైబర్‌గ్లాస్ రావడంతో ఈ పాఠం బాగా అక్కరకొచ్చింది. లండన్‌లో అడెల్ రూట్‌స్టీన్ నిజమైన మోడళ్లను నమూనాగా తీసుకుని బొమ్మలు చేయించింది. 1966లో ట్విగ్గీ, ఆ వెంటనే నల్లజాతి మోడల్ డొన్యేల్ లూనా ఆమె బొమ్మలకు రూపాలయ్యారు. బొమ్మలు మరీ సన్నబడటంలో పనివాళ్ల సౌకర్యం కూడా ఉంది: సన్నటి ఒంటికి బట్ట తొడగడం సులువు, వేలాడే తీరూ బాగుంటుంది. యుద్ధం తర్వాతి బొమ్మల కొలతలున్న స్త్రీకి నెలసరి సక్రమంగా రాకపోవచ్చని 1992లో ఫిన్లండ్ పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. లావుపాటి ఒళ్లున్న బొమ్మను 2019లో నైకీ తన లండన్ దుకాణంలో పెట్టినప్పుడు దానిమీద కూడా పెద్ద రచ్చే జరిగింది.

అభ్యంతరాలు అన్నిచోట్లా ఒకే రకమైనవి కావు. లోదుస్తులు తొడిగిన బొమ్మలను తీసేయాలని 2013లో ముంబయి నగరపాలక సంస్థ తీర్మానించింది. 2022లో అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో తాలిబన్లు బొమ్మల తలలు తీయించారు.

తెలుగునాట చీరల కొట్టుకు బొమ్మ అవసరం తక్కువే. పరుపుమీద కూర్చుని చీర వెనుక చీర విప్పి పరవడం, అడిగితే సేల్స్‌మన్ తన భుజం మీదే పైట వేసి చూపడం ఇక్కడి పద్ధతి. చీర పాశ్చాత్య దుస్తుల్లా తొడిగేది కాదు. బొమ్మకు కట్టాల్సి వస్తే కుచ్చిళ్లు నిలవడానికి పిన్నులు పెట్టాలి. కుట్టని జాకెట్టు గుడ్డను బొమ్మ ఒంటికి చుట్టి వెనుక ముడివేస్తారు.