చక్రాలపై ఇల్లు: కొత్త మోటారు హోమ్‌ లోపల చూడవలసినవి

పడక, వంటగది, స్నానాల గది, కూర్చునే చోటు అన్నీ ఒకే వాహనంలో అమర్చి ఉంటే దానిని మోటారు హోమ్‌ అంటారు. అమెరికాలో ఇంజిను గల ఇటువంటి వాహనాలను, కారు వెనుక తగిలించి లాగే ట్రైలర్లను కలిపి ఆర్‌వీలుగా పేర్కొంటారు. బ్రిటన్‌లో కారవాన్‌ అంటే ఇంజిను లేని ట్రైలర్‌ మాత్రమే. మన దేశంలో మాత్రం ఇంజిను ఉన్న వాహనానికే కారవాన్‌ అనే పేరు స్థిరపడింది. సినిమా షూటింగుల్లో నటీనటుల విడిది వాహనంగా తెలుగువారికి ఇది చిరపరిచితం. సొంతానికి కొనుగోలు చేసే కుటుంబాలు, పర్యటనలకు అద్దెకు తీసుకునేవారు, అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లి వేసవి యాత్రలో ఇందులో ప్రయాణించే తల్లిదండ్రులు ఇప్పుడు ఈ వర్గంలో చేరారు.

కొత్త వాహనం చేతికి రాగానే అందరి దృష్టి పరుపుపైన, టీవీపైన, వంటింటి అలమరాలపైన పడుతుంది. ప్రయాణం సుఖంగా, క్షేమంగా సాగడం మాత్రం కంటికి వెంటనే కనిపించని వాటిపై ఆధారపడి ఉంటుంది. మోసే బరువు, నిలువ ఉండే విద్యుత్తు, నీరు, గాలి వచ్చే మార్గం, వాహన పత్రాలు వీటిలో ముఖ్యమైనవి.

ఎలా వచ్చింది?

జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ 1951లో ఫోక్స్‌వాగన్‌ వ్యానులో పడక, అలమరా అమర్చి విహార వాహనాన్ని రూపొందించింది. అమెరికాలోని అయోవా రాష్ట్రం ఫారెస్ట్‌ సిటీలో విన్నెబాగో సంస్థ 1966లో మోటారు హోమ్‌ల తయారీ ప్రారంభించింది. ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌ పట్టణం అమెరికాలో ఈ పరిశ్రమకు ప్రధాన కేంద్రంగా ఎదిగింది.

వాహనాన్నే ఇల్లుగా చేసుకుని తిరగడం తెలుగునాట మొదట పెద్దఎత్తున కనిపించింది రాజకీయాల్లోనే. 1982 మార్చిలో తెలుగుదేశం పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావు పాత షెవర్లే వ్యానును ‘చైతన్య రథం’గా మార్పించి రాష్ట్రమంతటా పర్యటించారు. కుమారుడు హరికృష్ణ రథసారథిగా వ్యవహరించారు. సభావేదికగానే గాక విశ్రాంతి స్థలంగానూ ఆ వాహనం ఉపయోగపడింది. పర్యాటక రంగంలో కేరళ, మహారాష్ట్ర ప్రభుత్వాలు 2021లో కారవాన్‌ పర్యాటకానికి ప్రత్యేక విధానాలు ప్రకటించాయి.

ముందు భాగం: సీట్లు, పడకలు

డ్రైవరు క్యాబిన్‌ నుంచే పరిశీలన ప్రారంభించడం మేలు. అనేక నమూనాల్లో ముందు సీట్లు రెండూ వెనుకకు తిరుగుతాయి. బండి నిలిపిన తరువాత వాటిని తిప్పితే వెనుక బల్ల చుట్టూ నలుగురు కూర్చునే గది ఏర్పడుతుంది. అదే బల్లను కిందికి దించి పరుపు ముక్కలు పరిస్తే రాత్రికి పడక అవుతుంది. కొన్నింటిలో డ్రైవరు తలపైన అటక వంటి పడక, మరికొన్నింటిలో పైకప్పు నుంచి కిందికి దిగే మంచం, వెనుక భాగంలో కదలని పడక ఉంటాయి.

పడకల సంఖ్యను బట్టి ప్రయాణికుల సంఖ్యను నిర్ణయించడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆరుగురు పడుకోగల బండిలో నాలుగు సీట్లకే బెల్టులు ఉండవచ్చు. అప్పుడు నలుగురే ప్రయాణించాలి. బండి కదులుతుండగా పక్కవాటు సోఫాపై కూర్చోవడం, పిల్లలను వెనుక మంచంపై పడుకోబెట్టడం ప్రమాదకరం. అకస్మాత్తుగా బ్రేకు వేస్తే వారిని ఆపేది ఏదీ ఉండదు. అలమరాల తలుపులు, సొరుగులు గట్టిగా బిగుసుకుంటున్నాయో లేదో కూడా ఇక్కడే పరీక్షించాలి. దారిలో తెరుచుకున్న సొరుగులోని గిన్నెలు దెబ్బ తగిలించే వస్తువులుగా మారతాయి.

అత్యవసర ద్వారం ఎక్కడ ఉందో ఇంటిల్లిపాదికీ తెలియాలి. అమెరికా వాహనాల్లో దీనికి ఉపయోగపడే కిటికీకి ఎర్రని పిడి ఉంటుంది. ఆ కిటికీని ఒకసారి స్వయంగా తెరిచి చూడాలి. వృద్ధులు, పిల్లలు అందులో నుంచి దిగగలరా అన్నది ముందే ఆలోచించుకోవాలి. అగ్నిమాపక సిలిండరు తలుపు సమీపంలో ఉండాలి.

విద్యుత్తు: లెక్క తెలిస్తే చింత లేదు

మోటారు హోమ్‌లో రెండు రకాల బ్యాటరీలు ఉంటాయి. ఒకటి ఇంజిను ప్రారంభించడానికి, రెండవది ఇంటి అవసరాలకు. ఈ రెండవ దానితో దీపాలు, నీటి పంపు, ఫ్యాను, ఫ్రిజ్‌ నడుస్తాయి. ఇంజిను నడుస్తున్నప్పుడు, పైకప్పు మీది సౌర ఫలకాల ద్వారా, బయటి నుంచి విద్యుత్తు అందుకునే ప్లగ్గు ద్వారా దీనిని చార్జి చేసుకోవచ్చు. మిక్సీ, టీవీ వంటి ఇంటి కరెంటుతో పనిచేసే వాటికి ఇన్వర్టరు అవసరం.

ఎంత నిలువ ఉంటుందో లెక్కకట్టడం సులభం. 12.8 వోల్టుల, 200 ఆంపియర్‌ అవర్ల లిథియం బ్యాటరీలో సుమారు 2.56 యూనిట్ల విద్యుత్తు ఉంటుంది. అయిదు వాట్ల ఎల్‌ఈడీ దీపాలు నాలుగు అయిదు గంటలు వెలిగితే ఖర్చయ్యేది ఒక యూనిట్‌లో పదోవంతు మాత్రమే. అదే బ్యాటరీపై గంటకు ఒకటిన్నర యూనిట్‌ తీసుకునే ఏసీని నడిపితే రెండు గంటలు కూడా రాదు. రెండు వేల వాట్ల ఇండక్షన్‌ పొయ్యిని పూర్తి వేడిలో వాడితే గంటా పావులో బ్యాటరీ అడుగంటుతుంది. 300 వాట్ల సౌర ఫలకం ఎండ బాగా కాసిన రోజున ఇచ్చేది సుమారు ఒక యూనిట్‌ లేదా అంతకు కొద్దిగా ఎక్కువ.

అందువల్ల మన ప్రాంతపు మే నెలలో ఏసీతో రాత్రి గడపాలంటే బయటి నుంచి కరెంటు దొరికే విడిది చోటు గాని, జనరేటరు గాని ఉండవలసిందే. అసలు జాగ్రత్త అవసరమైనది ఇక్కడే.

నిద్రలో కమ్ముకునే విషవాయువు

2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన నిలిపి ఉంచిన కారవాన్‌లో ఇద్దరు వ్యక్తులు మరణించి కనిపించారు. తరువాత నిపుణులు ఆ వాహనంలోనే జరిపిన పరీక్షల్లో, జనరేటరు నుంచి వెలువడిన కార్బన్‌ మోనాక్సైడ్‌ లోపలికి చేరడమే కారణమని తేలింది.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలిసి శరీరానికి ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. మేల్కొని ఉన్నవారికి తలనొప్పి, వికారం, మగత కలుగుతాయి. నిద్రలో ఉన్నవారికి ఆ సూచన కూడా అందదు. కిటికీలన్నీ మూసి ఏసీ వేసుకున్న చిన్న గదిలో ఇది త్వరగా పోగుపడుతుంది.

కొత్త వాహనంలో జనరేటరు పొగగొట్టం ఎటు తెరుచుకుంటుందో, అది నేలకు, కిటికీలకు ఎంత దూరంలో ఉందో చూడాలి. వైర్లు, పైపుల కోసం నేలలో చేసిన రంధ్రాలన్నీ గట్టిగా మూసి ఉన్నాయో లేదో బండి కిందికి వంగి పరిశీలించాలి. కార్బన్‌ మోనాక్సైడ్‌ అలారం తప్పనిసరిగా ఉండాలి. దాని మీట నొక్కి మోగుతున్నదో లేదో చూడాలి. అలారం ఉన్నప్పటికీ జనరేటరు నడుస్తుండగా నిద్రించకపోవడమే ఉత్తమం. ఏసీ కోసం ఇంజినును రాత్రంతా నడిపి ఉంచడం కూడా ఇంతే ప్రమాదకరం.

వంటగది: గ్యాస్‌తో జాగ్రత్త

రెండు మంటల పొయ్యి, చిన్న సింకు, ఫ్రిజ్‌, కొన్నింటిలో మైక్రోవేవ్‌ ఉండటం సాధారణం. ఫ్రిజ్‌లలో రెండు రకాలున్నాయి. కంప్రెసరు రకం బ్యాటరీపై నడుస్తుంది. అబ్సార్ప్షన్‌ రకం గ్యాస్‌పైనా నడుస్తుంది గాని, బండి ఏటవాలుగా నిలిపితే సరిగా చల్లబడదు.

వంటగ్యాస్‌ గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోకుండా నేలపై పేరుకుంటుంది. అందువల్ల సిలిండరును ఉంచే పెట్టె లోపలి గదికి సంబంధం లేకుండా మూసి ఉండి, అడుగున బయటికి తెరుచుకునే రంధ్రాలు కలిగి ఉండాలి. చల్లగాలి వస్తున్నదని ఆ రంధ్రాలను గుడ్డలతో మూయరాదు. గ్యాస్‌ను పసిగట్టే అలారం నేలకు దగ్గరగా ఉండాలి. బండి కదిలే ముందు సిలిండరు వాల్వు కట్టివేయాలి. వంట చేస్తున్నంతసేపు పైకప్పు కిటికీ తెరిచి ఉంచాలి. చలి కాచుకోవడానికి పొయ్యి వెలిగించడం, లోపల బొగ్గుల కుంపటి పెట్టడం ప్రాణాంతకం.

నీరు, స్నానాల గది

నీటి వ్యవస్థలో మూడు ట్యాంకులు ఉంటాయి. మంచినీటికి ఒకటి, సింకు, స్నానం నుంచి వచ్చే వాడిన నీటికి ఒకటి, మరుగుదొడ్డి వ్యర్థాలకు మరొకటి. చిన్న వాహనాల్లో మూడవ దాని స్థానంలో బయటికి తీసి ఖాళీ చేసే క్యాసెట్‌ పెట్టె ఉంటుంది. స్నానం, మరుగుదొడ్డి ఒకే చిన్న గదిలో ఉండటం వల్ల స్నానం చేసిన ప్రతిసారీ నేల తుడుచుకోవలసి ఉంటుంది.

వంద లీటర్ల ట్యాంకు నలుగురికి చాలా తక్కువ. ఇంటిలో వలె బకెట్టు బకెట్టు నీళ్లు పోసుకుంటే ఒక ఉదయంతోనే అయిపోతుంది. వ్యర్థాలను రోడ్డు పక్కన గాని, కాలువల్లో గాని వదలరాదు. బస చేయబోయే చోట ఖాళీ చేసే సదుపాయం ఉందా అని బయలుదేరే ముందే విచారించుకోవాలి.

బరువు, ఎత్తు, టైర్లు

లీటరు నీటి బరువు కిలో. 100 లీటర్ల నీరు నింపితే వాహనంలో 100 కిలోలు అదనంగా చేరినట్లే. మనుషులు, సామాను, గ్యాస్‌ సిలిండరు, తరువాత అమర్చుకున్న చాందినీ, సైకిళ్లు అన్నీ లెక్కలోకి వస్తాయి. అమెరికాలో 2008 నుంచి కొత్త మోటారు హోమ్‌లపై మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మోయవచ్చో, బెల్టులు గల సీట్లు ఎన్నో తెలిపే పట్టీ అంటించడం తప్పనిసరి. పూర్తిగా నింపిన నీటి బరువు ఎంతో కూడా ఆ పట్టీపైనే ఉంటుంది. మన దేశంలో రిజిస్ట్రేషన్‌ పత్రంలోని ఖాళీ బరువును, గరిష్ఠ బరువులో నుంచి తీసివేస్తే మిగిలినదే మోయగల బరువు. నీరు, సామాను నింపిన తరువాత ఒకసారి వేబ్రిడ్జిపై తూకం వేయించుకుంటే సందేహం తీరుతుంది.

బరువు మించితే బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది, టైర్లు వేడెక్కి పేలే ప్రమాదం ఉంటుంది. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని సూచిస్తాయి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. కొత్త బండికి పాత టైర్లు ఉంటే అప్పుడే ప్రశ్నించాలి.

పైకప్పు మీది ఏసీ, సౌర ఫలకాలతో కలిపి వాహనం మొత్తం ఎత్తును కొలిచి, ఆ అంకెను డ్రైవరుకు ఎదురుగా అంటించాలి. రైల్వే కింది వంతెనలు, చెట్ల కొమ్మలు, కిందికి వేలాడే విద్యుత్‌ తీగలు గల గ్రామ మార్గాల్లో ఈ అంకె ఎంతో అవసరం.

పత్రాలు సక్రమంగా ఉన్నాయా?

పాత వ్యానును కొని షెడ్డులో కారవాన్‌గా మార్పించుకోవాలనుకునేవారు ముందుగా నిబంధనలు తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్‌ ప్రకారం రిజిస్ట్రేషన్‌ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. మోటారు కారవాన్‌ల ఆమోదానికి ఏఐఎస్‌-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. కొనే వాహనం దాని ప్రకారం ధ్రువీకరణ పొందినదా అని పత్రాల్లో చూడాలి. అనుమతి లేని మార్పులు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు బీమా పరిహారానికి చిక్కులు తప్పవు.

సొంత వాడకపు వాహనాన్ని అద్దెకు తిప్పరాదు. అద్దెకు తీసుకునేవారు పర్మిట్‌, ఫిట్‌నెస్‌, బీమా పత్రాలు అడిగి చూడాలి. తేలికపాటి వాహన లైసెన్సు గలవారు స్థూల బరువు 7,500 కిలోలకు లోబడిన రవాణా వాహనాలను నడపవచ్చని సుప్రీం కోర్టు 2024 నవంబరులో తీర్పు ఇచ్చింది. అంతకు మించిన బరువు గల పెద్ద కారవాన్‌కు భారీ వాహన లైసెన్సు అవసరం.

మొదటి రాత్రి ఇంటి ముందే

వాహనం అప్పగించే రోజున హడావుడిగా తాళాలు తీసుకుని రాకుండా కనీసం రెండు మూడు గంటలు కేటాయించాలి. నీరు నింపించి అన్ని కుళాయిలు తిప్పి, కీళ్ల వద్ద కారుతున్నదేమో చూడాలి. ప్రతి దీపం, పొయ్యి, ఫ్రిజ్‌, అలారం పనిచేయించాలి. పడకలన్నీ ఒకసారి వేసి తీయాలి. ఫ్యూజుల పెట్టె, గ్యాస్‌ వాల్వు, నీటి వాల్వు ఎక్కడున్నాయో కుటుంబంలో కనీసం ఇద్దరికి తెలియాలి. వర్షపు నీరు కారిన మరకలు కిటికీల మూలల్లో, అలమరాల పైభాగంలో కనిపిస్తాయి.

ఆ తరువాత దూర ప్రయాణానికి ముందు ఒక రాత్రి ఇంటి ముందే బండిలో వంట చేసుకుని, స్నానం చేసి, నిద్రించి చూడాలి. ఏ వస్తువు లేదో, ఏది అనవసరమో, బ్యాటరీ ఎన్ని గంటలు వచ్చిందో ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది. లోపం బయటపడితే సరిచేయించుకోవడానికి అమ్మినవారు దగ్గరలోనే ఉంటారు. అడవి దారిలోనో, కొండ మలుపులోనో తెలిస్తే ఆ అవకాశం ఉండదు.