మనోవర్తి వివాదాలు

తమను తాము పోషించుకోలేని భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు కోర్టు నెలనెలా ఇప్పించే సొమ్మును మనోవర్తి అంటారు. భారతదేశంలో ఇందుకు ఎక్కువమంది ఆశ్రయించినది నేర ప్రక్రియా స్మృతి 125వ సెక్షన్. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ ఆ స్థానంలోకి వచ్చింది. దీనికి మతంతో పనిలేదు. విడాకులు పొందిన భార్య కూడా మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు అడగవచ్చు.

ముస్లిం మహిళల విషయంలో మాత్రం ఈ మాట తేలడానికి దశాబ్దాలు పట్టింది. 1985లో విడాకులు పొందిన షాబానో అనే ముస్లిం మహిళ కేసులో సుప్రీంకోర్టు మనోవర్తి ఇవ్వాల్సిందే అంది. మరుసటి ఏడాదే పార్లమెంటు ఆ తీర్పు ప్రభావాన్ని తగ్గించేలా వేరే చట్టం తెచ్చింది. విడాకులు పొందిన ముస్లిం మహిళకు 125వ సెక్షన్ కిందా హక్కు ఉందని తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 జులై 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

1973 నాటి స్మృతిలో నెలకు 500 రూపాయల పరిమితి ఉండేది. 2001లో దాన్ని తీసేశారు. ఇప్పుడు అసలు పేచీ ఆదాయం దగ్గరే. ఈఎంఐలు, పీఎఫ్ లోను కోతలు పోగా చేతికొచ్చేది ఇంతేనని భర్త జీతం చీటీ చూపిస్తాడు. వ్యాపారి అయితే షాపు తమ్ముడి పేరున ఉందంటాడు. భార్య డిగ్రీ సర్టిఫికెట్ తెచ్చి, ఉద్యోగం చేసుకోగలదనీ వాదిస్తాడు. అటు భార్య ఖర్చులు పెంచి చెప్పడమూ ఉన్నదే. ఈ దాపరికాలకు అడ్డుకట్టగా, ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టులో జస్టిస్ ఇందు మల్హోత్రా, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ధర్మాసనం ఆదేశించింది.

మనోవర్తిని పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టాలన్నదీ ఆ తీర్పే. కేసు మూడేళ్లు నడిచి నెలకు 10,000 చొప్పున మంజూరైతే, తీర్పునాటికే బకాయి 3,60,000 అవుతుంది. మధ్యంతర మనోవర్తిని నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో ఏళ్లు గడిచిన కేసులున్నాయి.

ఆర్డరు రావడం ఒక ఎత్తు, డబ్బు రాబట్టడం మరో ఎత్తు. తగిన కారణం లేకుండా ఎగ్గొడితే కోర్టు వారెంటు ఇచ్చి జరిమానాలా వసూలు చేయిస్తుంది. అప్పటికీ కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు వేయవచ్చు. జైలుకెళ్లొచ్చినా బాకీ తీరినట్టు కాదు. అయితే బకాయి పడిన ఏడాదిలోగా వసూలు పిటిషన్ వేయకపోతే, 144వ సెక్షన్ కింద వారెంటు జారీ కాదు.