తుపాకీ గొట్టం, కర్ర: పైమెరుగు చెప్పే చరిత్ర

1. పరిచయం

చరిత్రకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, తాళపత్రాలు, నాణేలు, కైఫీయతులు గుర్తుకు వస్తాయి. వీటిలో ఎక్కువ భాగం రాయగలిగినవారు, రాయించగలిగినవారు మనకు మిగిల్చినవి. మరి రాయనివారి చరిత్రను ఎక్కడ వెతకాలి? వారు చేసిన వస్తువుల్లో వెతకాలి.

బాపట్ల జిల్లాలోని అమృతలూరును ఉదాహరణగా తీసుకోండి. తెనాలి, బాపట్ల, రేపల్లెలకు అందుబాటులో ఉన్న ఈ డెల్టా గ్రామం సంస్కృత విద్యకు పేరుపొందింది. ఇటువంటి ఊళ్ళలో పండితుల పేర్లు, వారి గ్రంథాల పేర్లు మనకు తెలుస్తాయి. నాగలి కర్రు కాచిన కమ్మరి పేరు, బండి చక్రం చేసిన వడ్రంగి పేరు తెలియడం అరుదు. గ్రామ వ్యవస్థలో వారు ఆయగాళ్ళు. కళ్ళంలో వారికి ధాన్యం కొలిచేవారు గాని, వారి పనితనాన్ని ఎవరూ రాసిపెట్టలేదు.

ఎడ్లబండిలాగే తుపాకీ కూడా కమ్మరి పని, వడ్రంగి పని కలిస్తేనే తయారయ్యే వస్తువు. మూతి నుంచి మందు దట్టించి పేల్చే పాతకాలపు తుపాకీలో ఇనుప గొట్టానికి, చెక్క కర్రకు చివర చేసే పనిని ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఆ పైమెరుగు అలంకారం మాత్రమే కాదు, చరిత్ర విద్యార్థి చదవవలసిన పత్రం కూడా. దాన్ని చెరిపివేస్తే పత్రాన్ని చింపినట్లే.

2. తెలుగు నేలపై తుపాకీ

'తుపాకి' అనే మాట తుర్కీ భాషలోని 'తుఫెక్' నుంచి మనకు వచ్చింది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను ముట్టడించినప్పుడు పోర్చుగీసు తుపాకీవాళ్ళు ఆయన పక్షాన పోరాడారని న్యూనిజ్ రాశాడు. మొదట వచ్చినవి నిప్పువత్తితో పేల్చే జామకి తుపాకులు. తరువాత చెకుముకిరాయి తుపాకులు, 19వ శతాబ్దంలో కేపు తుపాకులు వచ్చాయి. పేల్చే పద్ధతి మారినా గొట్టం, కర్ర అనే రెండు ప్రధాన భాగాలు అలాగే నిలిచాయి.

3. భాగాలుగా వచ్చే తుపాకీ

అమెరికాలో పాత తుపాకుల మీద ఆసక్తి ఉన్నవారు 1933లో ఒక జాతీయ సంఘాన్ని స్థాపించుకున్నారు. తరువాతి దశాబ్దాల్లో అక్కడ 'కిట్' తుపాకులు వాడుకలోకి వచ్చాయి. పెట్టెలో గొట్టం, పేల్చే యంత్రం, చాలావరకు చెక్కి ఉంచిన కర్ర విడివిడిగా వస్తాయి. వాటిని అమర్చుకోవడం, కర్రను నున్న చేసి నూనె పట్టించడం, గొట్టానికి రంగు తెప్పించడం కొన్నవారి పని.

ఇది కొత్త పద్ధతి అనుకోకండి. 18వ శతాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వం కూడా తుపాకులను ఇలాగే చేయించింది. గొట్టాలను, యంత్రాలను ఎక్కువగా బర్మింగ్‌హామ్ పనివారి నుంచి కొని లండన్ టవర్‌లో నిలవ చేసేది. అవసరమైనప్పుడు వాటిని కర్రపనివారికి ఇచ్చి పూర్తి తుపాకీగా అమర్పించేది. అంటే ఒక తుపాకీ వెనుక చాలామంది చేతులుండేవి. చివరి మెరుగు పెట్టినవాని పని అందరికంటే పైన కనిపిస్తుంది. దాని కింద మిగిలినవారి పని దాగి ఉంటుంది.

4. గొట్టం పని

మన దేశంలో గొట్టం చేసే విధానాన్ని అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో వర్ణించాడు. పూర్వం ఇనుప రేకును సాగగొట్టి, రెండు అంచులను కలిపి అతికేవారు. ఆ అతుకు దగ్గర గొట్టం పగిలి ప్రమాదాలు జరిగేవి. అక్బరు కాలంలో రేకును ఏటవాలుగా చుట్టి, ఒక చుట్టు మీదికి మరొక చుట్టు వచ్చేలా చేసి, నిప్పులో నెమ్మదిగా కాచి అతికించే పద్ధతి వచ్చింది. ఇందులోని కారణాన్ని గమనించండి. మందు పేలినప్పుడు ఒత్తిడి గొట్టం గోడల మీద అన్ని వైపులకూ పడుతుంది. అతుకు నిలువుగా ఒకే గీతలో ఉంటే ఆ గీత వెంట చీలుతుంది. ఏటవాలుగా చుట్టుకొని ఉంటే బలహీనత ఒకేచోట పోగుపడదు.

పదహారు గొట్టాలను ఒకేసారి శుభ్రం చేసే చక్రాన్ని గురించి కూడా అబుల్ ఫజల్ చెప్పాడు. దాన్ని పశువు తిప్పేది. అంతకుముందు బలమైన మనిషి ఎంతోసేపు ఇనుప పనిముట్లతో చేస్తే గాని ఆ పని పూర్తయ్యేది కాదట. మెరుగు పని ఎంత శ్రమతో కూడినదో దీనివల్ల తెలుస్తుంది.

తెలంగాణలోని కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కు ముఖ్యంగా కత్తులకు పేరుపొందింది. నున్న చేసిన తరువాత ఖనిజ లవణాల ద్రావణం పూస్తే దానిలోని నీటి అలల వంటి చారలు బయటపడతాయి. మనం అన్నభేది అని పిలిచేది ఇటువంటి లవణాల జాతికి చెందినదే. ఇనుమును, ఉక్కును కలిపి చుట్టిన విలువైన తుపాకీ గొట్టాల మీద కూడా ఇటువంటి చారలను పైకి తెచ్చేవారు. వాటిని బట్టి లోపల లోహాన్ని ఎలా చుట్టారో చదవవచ్చు.

యూరపులో మరొక పద్ధతి ఉంది. గొట్టానికి లవణాల ద్రావణం పూసి, సన్నని తుప్పు పట్టనిచ్చి, దాన్ని రుద్ది తీసి, మళ్ళీ పూస్తారు. ఇలా పలుమార్లు చేసి చివర నూనె పట్టిస్తే గోధుమ వన్నె నిలుస్తుంది. అదుపులో ఉంచిన తుప్పు లోహాన్ని తినే తుప్పును కొంతవరకు ఆపుతుంది. ఈ పద్ధతి స్థిరపడకముందు బ్రిటిష్ సిపాయిలు గొట్టాన్ని ఇటుక పొడితో తళతళలాడేలా తోమేవారు. ఏళ్ళ తరబడి తోమగా గొట్టం గోడ పలచబడేది. కవాతులో మెరిసే తుపాకీ బలం తగ్గిన తుపాకీ కావచ్చు.

5. కర్ర పని

యూరపులో తుపాకీ కర్రకు అక్రోట్ చెక్కను ఎక్కువగా వాడేవారు. గట్టిదనం ఉండాలి, చెక్కుడుకు లొంగాలి, దెబ్బకు చీలకూడదు. మడమ దగ్గర సన్నబడే భాగంలో చెక్క నార పొడవునా సాగాలి. నార అడ్డంగా పోతే అక్కడే విరుగుతుంది. నాగలి కర్రను ఎంచుకునే వడ్రంగికి ఈ సూత్రం ఎవరూ చెప్పనక్కరలేదు.

ఉలి, ఆకురాయి పని అయ్యాక కర్రను తడి గుడ్డతో తుడిచి ఆరనిస్తారు. చెక్కలోని సన్నని పీచు పైకి లేస్తుంది. దాన్ని ఉప్పుకాగితం వంటి గరుకు వస్తువుతో రుద్ది తీస్తారు. పీచు లేవడం ఆగేవరకు ఇలా చేస్తారు. ఈ పని ఇప్పుడు చేయకపోతే మొదటి వానకు కర్ర మళ్ళీ గరుకెక్కుతుంది. ఆ తరువాత అవిసె నూనెను పలచగా పట్టించి, ఆరనిచ్చి, మళ్ళీ పట్టిస్తారు. సముద్రపు గాలి, కాలువల తేమ ఉన్న డెల్టా వంటి చోట కర్ర ఉబ్బకుండా, గొట్టం అడుగున తుప్పు పట్టకుండా ఈ నూనె కొంతవరకు కాపాడుతుంది.

భారతీయ జామకి తుపాకుల్లో గొట్టాన్ని కర్రకు తోలు పట్టీలతో గాని, తీగతో గాని, లోహపు పట్టీలతో గాని కట్టేవారు. కర్రకు రెండు వైపులా ఇనుప రేకులు బిగించేవారు. యూరపు తుపాకుల్లో చాలావాటికి కర్రలోంచి అడ్డంగా సన్నని మేకులు దూర్చేవారు. కాబట్టి బిగింపును చూసి తుపాకీ ఏ సంప్రదాయానికి చెందినదో ఊహించవచ్చు. యూరపు గొట్టానికి మన పద్ధతి కర్ర ఉంటే, స్థానిక వడ్రంగి దానికి రెండో జన్మ ఇచ్చాడేమోనని ప్రశ్నించుకోవచ్చు.

6. చేతులు ఎందుకు ఆగిపోయాయి?

1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టాన్ని తెచ్చింది. భారతీయులు తుపాకీ ఉంచుకోవాలంటే లైసెన్సు కావలసి వచ్చింది. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు ఉండేది. ఈ వివక్షను తొలినాటి కాంగ్రెస్ సభలు ఖండించాయి. ఆయుధాల తయారీకి, అమ్మకానికి కూడా అనుమతి తప్పనిసరి అయింది. అదే కాలంలో వెనుక నుంచి తూటా పెట్టే కర్మాగారపు తుపాకులు వచ్చాయి. గిరాకీ తగ్గి, అనుమతి కష్టమై, కొత్త యంత్రాలతో పోటీ పెరిగినప్పుడు ఏ చేతివృత్తీ నిలవదు. మనం సాధారణంగా ఈ చట్టాన్ని రాజకీయ అణచివేతగా మాత్రమే చదువుతాం. అది ఒక పనితనాన్ని కూడా చీకటిలోకి నెట్టిందని గుర్తుంచుకోండి. అంతకుముందు వృత్తిగా ఉన్నది అటుపై రహస్యంగా చేస్తే నేరమైంది.

7. మెరుగు చెరిపితే ఏం పోతుంది?

ఈస్టిండియా కంపెనీ తుపాకుల మీద మొదట గుండె ఆకారపు గుర్తు, 1808 తరువాత సింహం గుర్తు కనిపిస్తాయి. ఇంగ్లీషు గొట్టాల మీద పరీక్షా ముద్రలు ఉంటాయి. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో ఏర్పడింది. పనివాని సొంత గుర్తు చాలాసార్లు గొట్టం అడుగున, కర్ర కప్పిన చోట ఉంటుంది. తుప్పు కనిపించిందని గొట్టాన్ని ఉప్పుకాగితంతో రుద్దితే గుర్తులు అరిగిపోతాయి. కర్రకు కొత్త వార్నీష్ కొడితే పాత నూనె పొర, పట్టుకున్న చేతి అరుగుదల, పాత మరమ్మతు అన్నీ కప్పబడతాయి. వస్తువు అందంగా ఉంటుంది, సాక్ష్యం మాత్రం పోతుంది.

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినప్పుడు ఆయుధాల విభాగంలో కొంతసేపు ఆగండి. బంగారు తీగ పొదిగిన పిడి దగ్గరే ఆగిపోకండి. గొట్టం మీది చారలు ఏ దిక్కుకు తిరిగాయి, పట్టీ ఎలా కట్టారు, కర్ర నార ఎటు సాగింది చూడండి. ఇంట్లో పాత తుపాకీ ఉంటే దానిని శుభ్రం చేయడానికి గాని, మరమ్మతు చేయడానికి గాని పూనుకోకండి. ముందు చట్టప్రకారం దాని స్థితి తెలుసుకోండి. తరువాత మ్యూజియం నిపుణులను సంప్రదించండి.

రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. తుపాకీ చేసినవాని పేరు ఎక్కడా లేకపోవచ్చు. కాని వాని ఆకురాయి గీత ఇనుము మీద ఉంది, ఉలి దెబ్బ కర్ర మీద ఉంది. వాటిని చదవడం నేర్చుకోవడం చరిత్ర విద్యార్థిగా మీ బాధ్యత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రేకును ఏటవాలుగా చుట్టి చేసిన గొట్టం ఎందుకు బలంగా ఉంటుంది?
2. 1878 ఆయుధాల చట్టం చేతివృత్తులపై చూపిన ప్రభావాన్ని వివరించండి.
3. మీ ఊరి కమ్మరి లేదా వడ్రంగి చేసిన ఒక పాత వస్తువును పరిశీలించి, దాని ఉపరితలం ఆధారంగా మీరు గ్రహించిన విషయాలను ఒక పేజీలో రాయండి.