అంటు

అంటు అనే క్రియకు మొదటి అర్థం తాకడం. తాకింది వదలకపోతే అంటుకోవడం. కన్నడంలోనూ అంటు అంటే జిగురులా పట్టుకోవడమే. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల పెట్టకముందు నుంచే మన తోటమాలులకు అంటు కట్టడం తెలుసు: రెండు కొమ్మలు ఒక ప్రాణమవుతాయి. అంటరానితనం పుట్టిందీ ఈ ధాతువు నుంచే. తాకడాన్నే నేరం చేసిన ఆ సిగ్గును పదచర్చ దాచకూడదు.

తెనాలి వంటింట్లో సెగ ఎక్కువైతే పాలు అడుగంటుతాయి. రేపల్లె శివారు పొలాలకు నీళ్లు అందని రోజుల్లో కాలవ అడుగంటుతుంది. ఒకచోట పేరుకోవడం, ఇంకోచోట తరిగిపోవడం. మాట ఒకటే.

ఈ రెండర్థాలూ ఒక్క రేణువులో కలిసే చోటు నూనె శుద్ధి కర్మాగారం. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ ప్రారంభించిన రిఫైనరీ ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియందిగా నడుస్తోంది. అలాంటిచోట క్యాటలిటిక్ క్రాకింగ్ యూనిట్లో 500 డిగ్రీలు దాటిన వేడి మీద బరువైన నూనె ఆవిరి జియోలైట్ ఉత్ప్రేరకాన్ని, అంటే చర్యను వేగం చేసే పొడిని, కొన్ని సెకన్లు తాకి పెట్రోలుగా, వంటగ్యాసుగా విరుగుతుంది. కొన్ని అణువులు మాత్రం విరగకుండా ఒకదానికొకటి అతుక్కుని, హైడ్రోజన్ పోగొట్టుకుని కోక్‌ అనే బొగ్గులాంటి మడ్డిగా మిగులుతాయి. జియోలైట్ రంధ్రాల వెడల్పు మిల్లీమీటరులో పది లక్షలో వంతు కన్నా తక్కువ. వాటి నోళ్లు పూడుకుపోతాయి, తెల్లని పొడి నల్లబడుతుంది. పేరుకున్నది కోక్, అడుగంటింది ఉత్ప్రేరకం సత్తువ.

ఆ కోక్‌ను గీకి తీయరు. రేణువులను రీజనరేటరులోకి పంపి, గాలి ఊది, 700 డిగ్రీల దగ్గర కాల్చేస్తారు. ఇక్కడే తెలుగు క్రియ తన పూర్తి బలం చూపిస్తుంది: రేణువుకు అంటుకున్న కోక్‌కే ఇప్పుడు నిప్పు అంటుకుంటుంది. ఆ మంటకు కాగిన రేణువులు వెనక్కి వెళ్లి కొత్త నూనెను ఆవిరి చేస్తాయి, దాన్ని విరిచే వేడినీ ఇస్తాయి. కోక్ ఎక్కువైతే పని ఆగుతుంది, మరీ తక్కువైతే వేడి చాలదు. పొయ్యికి కట్టెలు అందించేది ఆ మడ్డే.

ఉత్ప్రేరకం అన్న సంస్కృత పదాన్ని పాఠ్యపుస్తకాలు మనకిచ్చాయి, అది ఉండాల్సిందే. కానీ అది చేసే పని చెప్పడానికి క్రియను ఎక్కడి నుంచో తెచ్చుకోనక్కర్లేదు. తాకడం, పట్టడం, రగలడం మూడూ అంటులోనే ఉన్నాయి. రసాయన శాస్త్రం తెలుగులో చెప్పే మాస్టర్లు ఈ క్రియతో పాఠం మొదలుపెట్టాలి. పిల్లలకు సగం పాఠం అప్పటికే వచ్చి ఉంటుంది.